స్వతంత్ర మీడియాతో కలిసి సభలు, చర్చలు జరపడం ఎలా: విజయవాడ, గుంటూరు నిర్వాహకులకు

హాలు దొరికింది, వక్తలు ఒప్పుకున్నారు, ఫ్లెక్సీ కట్టారు, అయినా కుర్చీలు సగం ఖాళీ. చర్చా కార్యక్రమాలు చేసేవాళ్లకు ఇది బాగా తెలిసిన బాధ. ఆ విషయం పట్టించుకునే మనుషులు ఊళ్లోనే ఉంటారు, వాళ్లకు కబురు అందదు. దినపత్రిక జిల్లా పేజీలో రెండు లైన్లు పడితే పొద్దున చదివి సాయంత్రానికి బయల్దేరేవాళ్లు తక్కువ. అదే ఒక యూట్యూబ్ వార్తా ఛానలో, వెబ్ పత్రికో, చిన్న మాసపత్రికో మూడు వారాల ముందు నుంచీ ఆ విషయం మీద రాస్తూ, మాట్లాడుతూ ఉంటే వచ్చేవాళ్లు ప్రశ్నలు వెంటబెట్టుకుని వస్తారు.

అయితే ముందే ఒక మాట. ఈ పొత్తులో మీరు ఆ మీడియా దగ్గర అడిగి తీసుకుంటున్నది వాళ్ల పాఠకులకు వాళ్ల మీద ఉన్న నమ్మకం. ఏ పేపరు ఏ పార్టీదో పేరు చూడగానే చెప్పేసే రాష్ట్రం మనది. ఎవరి పక్షమూ కాదని పేరు తెచ్చుకున్న ఒక చిన్న సంస్థకు ఉన్న ఆస్తి ఆ నమ్మకం ఒక్కటే. ఏం రాయాలో మీరు చెప్పడం మొదలుపెడితే అది వాళ్లకూ పోతుంది, మీకూ దక్కదు. కింద చెప్పిన జాగ్రత్తల్లో చాలావాటికి మూలం ఇదే.

ఎవరిని అడగాలి

సబ్‌స్క్రైబర్ల సంఖ్య చూసి వెళ్లొద్దు. లక్ష మంది ఉన్న ఛానల్‌ని చూసేవాళ్లలో ఎక్కువమంది హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండొచ్చు, వాళ్లెవరూ మొగల్రాజపురం సిద్ధార్థ ఆడిటోరియానికి రారు. ఏ ఊళ్ల నుంచి చూస్తున్నారో యూట్యూబ్ స్టూడియోలో కనిపిస్తుంది, చూపించమని అడగండి. ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి నికరంగా కొన్ని వేల మంది చూసే ఛానల్ మీకు ఎక్కువ పనికొస్తుంది.

తర్వాత వాళ్లవి ఇటీవలి ముప్పై వార్తలు కూర్చుని చదవండి, వినండి. ఆరోపణ వేసినప్పుడు అవతలివాళ్ల వివరణ తీసుకున్నారా? తప్పు దొర్లితే సవరణ వేశారా? థంబ్‌నెయిల్ మీద ‘బట్టబయలు’, ‘చుక్కలు చూపించాడు’ లాంటి మాటలే ఉంటే రేపు మీ చర్చకూ అదే శీర్షిక పడుతుంది. డిజిటల్ వార్తా సంస్థ అయితే 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారి పేరు, చిరునామా సైటులో పెట్టాలి. అచ్చు పత్రిక అయితే ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడి పేర్లు ప్రతి సంచికలో ఉండాలి. ఇవి కనబడకపోతే ఎందుకు లేవో అడిగి, జవాబు నచ్చితేనే ముందుకు వెళ్లండి.

ఐదు వారాల ముందు, రెండు పేజీల కాగితంతో

‘మా ప్రోగ్రామ్ కవర్ చేయండి సార్’ అని ఫోన్ చేస్తే సభ రోజు ఒక కెమెరా వచ్చి పది నిమిషాలు తీసుకుని వెళ్లిపోతుంది. పొత్తు కావాలంటే ఐదు వారాల ముందు సంపాదకుణ్ణి కలిసి రెండు పేజీలు చేతిలో పెట్టాలి. మొదటి పేజీలో చర్చించే ప్రశ్న, వక్తలు, వాళ్లలో ఎవరు ఏ వైపు మాట్లాడతారు, తేదీ, హాలు. రెండో పేజీలో విషయం మీద నిర్ధారించుకున్న వివరాలు, ఒక్కొక్కటీ ఎక్కడి నుంచి తీసుకున్నారో దాని పక్కనే.

ఆ రెండో పేజీకి ఒక ఉదాహరణ. ‘సింగ్‌నగర్‌కి మళ్లీ వరద వస్తే?’ అని విజయవాడలో చర్చ పెట్టారనుకోండి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర నమోదైన 11.43 లక్షల క్యూసెక్కులు కృష్ణా వరద. సింగ్‌నగర్‌ని ముంచింది బుడమేరు వాగు. రెండూ వేర్వేరు నీళ్లు. బుడమేరు నీటిని మళ్లించే డైవర్షన్ కాలువ బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది కాబట్టి నది నిండుగా ఉన్నప్పుడు కాలువ నీరు దిగదు, సంబంధమల్లా అక్కడ ఉంది. ఈ తేడా తెలియకుండా పోస్టరు మీద బ్యారేజీ అంకె వేస్తే హాల్లో ఉన్న రిటైర్డ్ ఇంజనీరు మొదటి ప్రశ్నలోనే లేచి సరిదిద్దుతారు. మీ పోస్టరు నమ్మి అదే అంకె వేసిన విలేఖరి పరువూ దాంతోపాటే పోతుంది.

తేదీ విషయంలో: దసరా శరన్నవరాత్రుల్లో ఇంద్రకీలాద్రి రద్దీ వల్ల వన్‌టౌన్ వైపు హాలు పెట్టుకోవద్దు. విలేఖరులు కూడా ఆ రోజుల్లో కొండ దగ్గరే ఉంటారు. జనవరి మొదట్లో పుస్తక మహోత్సవం జరుగుతుంటుంది, ఆ రోజుల్లో విడిగా సభ పెట్టే బదులు అక్కడి వేదికనే అడగడం మేలు. గుంటూరులో మిర్చి ధరల మీద చర్చ అయితే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు పెట్టండి. మిర్చి యార్డుకు సరుకు వస్తున్న రోజుల్లోనే ఆ మాటకు రైతు వస్తాడు.

ఒక పేజీ ఒప్పందం

స్నేహితులమే కదా అని నోటిమాటతో సరిపెట్టిన పొత్తులే ఎక్కువ చెడతాయి. స్టాంపు పేపరు అక్కర్లేదు. ఒక పేజీ రాసుకుని ఇద్దరూ సంతకం చేసి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుకుంటే చాలు.

అందులో మొదట ఈ వాక్యం ఉండాలి: ‘కార్యక్రమం మీద, వక్తల మీద, నిర్వాహకుల మీద ఏం రాయాలన్నది పూర్తిగా సంపాదకుల నిర్ణయం. ప్రచురణకు ముందు నిర్వాహకులు చూడరు, మార్చమని అడగరు. వాస్తవంలో తప్పు ఉంటే ప్రచురించాక రాతపూర్వకంగా తెలియజేస్తారు.’ ఈ వాక్యం దగ్గర మీ కమిటీలో ఎవరైనా అభ్యంతరం చెబితే అది అక్కడే తేల్చుకోండి. సభ అయిపోయాక తేలితే గొడవ అవుతుంది.

డబ్బు రెండో విషయం. చిన్న సంస్థలకు డబ్బు అవసరం, అడగడంలో తప్పు లేదు. ప్రకటనకు ఇచ్చే డబ్బుకు బిల్లు తీసుకోండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ అయితే డిజిటల్ ప్రకటన మీద 18 శాతం, అచ్చు పత్రికలో స్థలానికి 5 శాతం పడుతుంది, బడ్జెట్లో ముందే వేసుకోండి. డబ్బు తీసుకుని చేసిన ప్రచార వీడియోకి యూట్యూబ్‌లో ‘పెయిడ్ ప్రమోషన్’ గడిలో టిక్ పెట్టాలి, అచ్చులో అయితే ‘ప్రకటన’ అని వేయాలి. ఇంటర్వ్యూలకు, సభ రిపోర్టుకు పైసా ఇవ్వొద్దు. సభకు వచ్చిన విలేఖరికి భోజనం పెట్టండి, డబ్బు పెట్టిన కవరు మాత్రం చేతిలో పెట్టొద్దు. ఆ కవరు సంగతి ఊరంతా తెలియడానికి రెండు రోజులు చాలు.

మూడోది స్పాన్సర్లు. ఒప్పందం అయ్యాక ఏ రియల్ ఎస్టేట్ సంస్థో, కార్పొరేట్ కాలేజీయో బ్యానరు మీదికి వస్తుంటే మీడియాకి ముందు చెప్పాలి. ఆ కాలేజీ ఫీజుల మీదే వాళ్లు కథనం చేస్తూ ఉండొచ్చు. అలాంటప్పుడు తమ లోగో తీసేయమనే హక్కు వాళ్లకు ఉండాలి. బ్యానరు మీద ‘మీడియా భాగస్వామి’ అని వేయండి. ‘సమర్పణ’ అంటే సభ వాళ్లే జరుపుతున్నారని అర్థం.

లైవ్ ఒక్కరికే ఇవ్వొచ్చు, వార్త మాత్రం అందరిదీ. మిగతా విలేఖరుల్ని రావద్దనే షరతుకి ఒప్పుకోవద్దు. పూర్తి రికార్డింగు కాపీ మీకు రావాలని, చిన్న క్లిప్ వేస్తే వక్త జవాబుతోపాటు ప్రశ్న కూడా ఉండాలని రాసుకోండి. ప్రశ్న కోసేసిన నలభై సెకన్ల క్లిప్పుతో మంచి వక్తలు మళ్లీ మీ వేదిక ఎక్కనంటారు.

మూడు వారాల ప్రచారం

మొదటి వారం ఒక వైపు వక్త ఇంటర్వ్యూ, రెండో వారం అవతలి వక్తది, మూడో వారం పాఠకుల నుంచి ప్రశ్నలు వాట్సాప్‌లో తీసుకోవడం. వచ్చిన ప్రశ్నల్లో ఐదు వేదిక మీద అడుగుతామని ముందే ప్రకటిస్తే ప్రశ్న పంపినవాళ్లు సభకు కూడా వస్తారు. సభ రోజు పొద్దున ఇంకోసారి గుర్తుచేయాలి.

ప్రెస్ నోటు, పోస్టరు మేటరు యూనికోడ్‌లో, అంటే ఫోన్‌లోనూ వెబ్‌లోనూ నేరుగా చదవగలిగే అక్షరాల్లో, పంపండి. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కంపోజ్ చేసింది వెబ్‌లో పేస్ట్ చేస్తే గజిబిజి అక్షరాలు వస్తాయి. డెస్కులో మళ్లీ టైపు చేసే తీరిక లేక మీ నోటు పక్కన పడుతుంది. తేదీ పక్కన వారం సరిచూడండి. ‘14, శనివారం’ అని వేసి అది ఆదివారమైతే జనం రెండు రోజులకూ చీలిపోతారు. చిరునామాలో పేట, దగ్గరి గుర్తు ఉండాలి. గుంటూరు బ్రాడీపేట అయితే ఎన్నో లైను, ఎన్నో అడ్డరోడ్డు రెండూ రాయాలి. ఒక్కటే రాస్తే మనిషి ఆ లైను చివరిదాకా తిరగాల్సిందే.

సభ రోజు: ముందు మాట వినబడాలి

బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూస్తారు, మాట వినబడకపోతే నిమిషంలో వెళ్లిపోతారు. కెమెరా మీది మైకులో ఫ్యాను హోరు, కుర్చీల చప్పుడే పడతాయి. హాలు సౌండ్ ఆపరేటర్‌తో ముందురోజే మాట్లాడి మిక్సర్ (మైకులన్నీ కలిసే పెట్టె) నుంచి ఆక్స్ అవుట్ (శబ్దాన్ని విడిగా బయటికిచ్చే లైను) ఒకటి కెమెరాకి ఇప్పించండి. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు: మిక్సర్ ఇచ్చేది లైన్ లెవెల్, అంటే బలమైన సిగ్నల్; కెమెరా ఇన్‌పుట్ బలహీనమైన సిగ్నల్‌కి సరిపోయే మైక్ లెవెల్‌లో ఉంటుంది. కెమెరాని లైన్ లెవెల్‌కి మార్చకపోతే గొంతు పగిలి బరబరలాడుతుంది, తర్వాత ఎడిటింగ్‌లో బాగుచేయలేరు. మాట గట్టిగా ఉన్నప్పుడు మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా పెట్టి, హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. సౌండ్ బాక్సు దగ్గర ఒక ఫోన్‌లో విడిగా రికార్డింగు కూడా నడపండి. ప్రేక్షకుల కోసం రెండు కార్డ్‌లెస్ మైకులు, అవి పట్టుకుని తిరిగే ఇద్దరు కుర్రాళ్లు కావాలి. మైకు లేకుండా అడిగిన ప్రశ్న మిక్సర్లోకి రాదు, లైవ్ చూసేవాళ్లకు జవాబే వినిపిస్తుంది.

ఇంటర్నెట్ అదే హాల్లో, అదే వేళకు ముందురోజు పరీక్షించండి. 720పీ లైవ్‌కి సుమారు 4 ఎంబీపీఎస్ అప్‌లోడ్ పడుతుంది, దానికి రెట్టింపు ఉంటేనే ధైర్యం. హాలు నిండాక మొబైల్ నెట్ నెమ్మదిస్తుంది కాబట్టి రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉంచుకోండి. కొత్త ఛానల్‌లో లైవ్ తెరుచుకోవడానికి 24 గంటల దాకా పట్టొచ్చు. జ్యోతి వెలిగించేటప్పుడు రికార్డు పాటలు వేయొద్దు, కాపీరైట్ కింద లైవ్ మధ్యలో ఆగిపోవచ్చు.

సన్మానాలు, శాలువాలు చివరికి పెట్టండి. మొదట పెడితే ముప్పావు గంట వాటికే పోయి, చర్చ మొదలయ్యేసరికి లైవ్‌లో ఎవరూ మిగలరు. నలుగురు వక్తలు, తలా 8 నిమిషాలు, ఆ తర్వాత 40 నిమిషాలు ప్రశ్నలు. చర్చ నడిపే బాధ్యత మీ కమిటీ అధ్యక్షుడికి కాక ఆ మీడియా జర్నలిస్టుకి ఇస్తే రెండు వైపులా అడ్డుప్రశ్న వేయగలుగుతారు.

ఎన్నికల రోజులైతే పోలింగ్ ముగిసే వేళకు ముందు 48 గంటల్లో ఎన్నికలతో సంబంధమున్న సభ పెట్టకూడదు. ఆ విషయం మీద పాత రికార్డింగు కూడా అప్పుడు మళ్లీ వేయొద్దు.

సభ తర్వాత పది రోజులు

రిపోర్టు మీకు నచ్చకపోవచ్చు. విమర్శ అయితే వదిలేయండి. వాస్తవం తప్పయితే ఏ వాక్యం, ఏది సరైనది, ఆధారం ఏమిటి అన్న మూడు మాటల్లో మెయిల్ పెట్టండి. ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టి తగువుకు దిగితే పొత్తు అక్కడితో సరి.

పూర్తి వీడియో మూడు రోజుల్లోపు పెట్టించండి. వివరణలో ఏ వక్త ఏ నిమిషానికి మొదలయ్యారో రాస్తే యూట్యూబ్ దాన్ని భాగాలుగా చూపిస్తుంది. మొదటి గుర్తు 0:00 అని ఉండాలి, కనీసం మూడు గుర్తులు కావాలి, ఏ భాగమూ 10 సెకన్లకు తగ్గకూడదు. వేళ చాలక అడగలేకపోయిన ప్రశ్నల చీటీలు పారేయకుండా టైపు చేసి సంపాదకుడికి పంపండి. వచ్చే నెల కథనాలు వాటిలోంచే వస్తాయి, మీ తర్వాతి సభకు విషయం కూడా.