ప్రీయాంప్లిఫయర్ ఎంపికలో గెయిన్ లెక్క: నా అనుభవం

నా ఆడియో సిస్టమ్‌లో వాల్యూమ్ నాబ్ కాస్త తిప్పగానే శబ్దం భరించలేనంత పెరిగేది. తగ్గించి వింటే గాయని గొంతు మధ్యలో నిలవక ఎడమ స్పీకర్ వైపు జరిగేది. పాట ఆపాక కూడా ట్వీటర్ (హెచ్చు స్వరాలు పలికే చిన్న స్పీకర్) దగ్గర సన్నని బుస వినిపించేది.

కేబుళ్ల మీద డబ్బు పోసే ముందు లెక్క వేశాను. పవర్ యాంప్లిఫయర్ 8 ఓమ్‌ల స్పీకర్‌కు 100 వాట్లు ఇవ్వాలంటే సుమారు 28 వోల్టులు కావాలి. దాని గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) 26 డెసిబెల్స్, అంటే 20 రెట్లు, కనుక ఇన్‌పుట్‌లో 1.4 వోల్టులు చాలు. డీఏసీ (డిజిటల్ పాటను అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పరికరం) నుంచే 2 వోల్టులు వస్తుండగా, దానికీ పవర్ యాంప్‌కూ మధ్య ఉండి వాల్యూమ్‌ను నియంత్రించే పాత ప్రీయాంప్ దానిని మరో 10 రెట్లు పెంచుతోంది. ఆ పెంపునంతా నాబ్‌తో అణచవలసి రావడం వల్ల, రెండు చానళ్లూ సరిగా సరిపోలని పొటెన్షియోమీటర్ (నాబ్ తిప్పితే నిరోధం మారే భాగం) అడుగు భాగంలోనే నా వినికిడంతా సాగింది.

గెయిన్ అక్కరలేదు కదా అని పాసివ్ రకం (సిగ్నల్‌ను పెంచకుండా తగ్గించడం మాత్రమే చేసేది) పెట్టి చూశాను. బుస పోయింది గాని, దాని అధిక అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్ బయటకు వెళ్లేచోట ఎదురయ్యే నిరోధం) పొడవాటి కేబుల్ కెపాసిటెన్స్‌తో (విద్యుదావేశాన్ని నిల్వచేసే గుణంతో) కలిసి తాళాల మెరుపును మందగింపజేసింది.

చివరికి 6 డెసిబెల్స్ గెయిన్, 100 ఓమ్‌ల అవుట్‌పుట్ ఇంపెడెన్స్, రిలేలతో (విద్యుత్‌తో పనిచేసే స్విచ్‌లతో) మారే రెసిస్టర్ల వాల్యూమ్ ఉన్న యాక్టివ్ ప్రీయాంప్ తీసుకున్నాక ఈ ఇబ్బందులన్నీ తీరాయి. ప్రీయాంప్‌లో వాక్యూమ్ ట్యూబా, ట్రాన్సిస్టరా అన్నది రుచికి సంబంధించిన వాదం. అయితే ట్యూబ్ రకం ఎంచుకునేవారు అవుట్‌పుట్ ఇంపెడెన్స్‌ను 20 హెర్ట్జ్ దగ్గర కూడా చూడాలి, ఎందుకంటే కప్లింగ్ కెపాసిటర్ (డీసీని ఆపి సిగ్నల్‌ను మాత్రమే పంపే భాగం) వల్ల అది అక్కడ పెరిగి, పవర్ యాంప్ ఇన్‌పుట్ 10 కిలోఓమ్‌లే అయితే బేస్ పలచబడుతుంది.