మడమా, ముందుపాదమా: మీ అడుగుకు తగ్గ రన్నింగ్ షూ కుషన్

షాపులో సోల్‌ను బొటనవేలితో నొక్కి మెత్తగా ఉందని షూ కొనేయకండి. పరుగులో ఒక్కో అడుగుకు శరీర బరువుకు రెండు మూడు రెట్ల భారం పడుతుంది. అది పాదంలో ముందుగా ఎక్కడ తగులుతోందో చూసుకోవాలి.

పది నిమిషాలు వార్మప్ చేసి, మామూలు వేగంతో పరిగెడుతూ పక్కనుంచి స్లో మోషన్ వీడియో తీయించండి. ఫోన్ మోకాలి కన్నా కిందే ఉండాలి. కెమెరా చూడగానే అడుగు మారిపోతుంది, అందుకే నాలుగైదుసార్లు తీయించి చివరివి చూడండి. పాత షూ అరుగుదలను నమ్మొద్దు. మడమ బయటి అంచు నడకలోనూ అరుగుతుంది.

మడమ ముందుగా నేలకు తగిలితే కంగారు అక్కర్లేదు, దూరం పరిగెత్తేవాళ్లలో ఎక్కువమంది అంతే. డ్రాప్, అంటే మడమ కింద మందానికీ ముందుపాదం కింద మందానికీ తేడా, 8 నుంచి 12 మి.మీ. ఉన్నవి చూడండి. ఫోమ్ మరీ మెత్తనైతే మడమ ఒక పక్కకు ఒరుగుతుంది. ఒంటికాలిపై నిలబడితే అది తెలిసిపోతుంది.

ముందుపాదం మీద దిగేవారికి ఎక్కువ భారం పిక్కలకు, మడమ వెనుక ఉండే అకిలీస్ టెండన్‌కు వెళ్తుంది. వాళ్లకు వెనక మందం దాదాపు దండగే. ప్రకటనల్లో చెప్పే మందం సాధారణంగా మడమ దగ్గరిది. 35 మి.మీ. మందం, 10 డ్రాప్ అంటే ముందు మిగిలేది 25 మాత్రమే. డ్రాప్ 0 నుంచి 6 చాలు, కానీ టెండన్ ఇప్పటికే నొప్పిగా ఉంటే తక్కువ డ్రాప్ జోలికి వెళ్లొద్దు. పాదం మధ్యలో దిగేవారికి 4 నుంచి 8 సరిపోతుంది.

హైదరాబాద్ ఫ్లైఓవర్ల మీద పరిగెత్తేవారు ఒకటి గమనించాలి: దిగుడులో చాలామందికి మడమే ముందు పడుతుంది. మీ దారిలో దిగుళ్లు ఎక్కువైతే వెనక కూడా కాస్త కుషన్ ఉంచుకోండి.

10 డ్రాప్ నుంచి 4కు ఒక్కసారిగా మారితే పిక్కలు పట్టేస్తాయి. మొదటి రెండు వారాలు కొత్త జతతో వారానికి ఒక్కసారి, రెండు మూడు కిలోమీటర్లే పరిగెత్తండి. మిగతా పరుగులు పాత జతతోనే. మర్నాడు పొద్దున మంచం దిగగానే మడమ వెనక లాగితే దూరం తగ్గించండి.

పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట, పరుగుకు వేసుకునే సాక్స్‌తోనే కొలత చూడండి. వేళ్ల ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి. సోల్‌లో వాడే మామూలు ఈవీఏ (ఒక రకం తేలికైన ప్లాస్టిక్) ఫోమ్ 500 నుంచి 800 కిలోమీటర్లకు చచ్చుబడుతుంది. ఎండలో, కారు డిక్కీలో వదిలేస్తే అంతకన్నా ముందే.