పండుమిరపకాయ నిల్వ పచ్చడి ఎలా పెట్టాలి?

సంక్రాంతి దగ్గర పడుతోందనగా రైతు బజారుకు పండుమిరపకాయలు దిగుతాయి. శివరాత్రి దాటితే మంచి కాయ దొరకడం కష్టం. ఆవకాయ పెట్టాలంటే ఎండ చూసుకోవాలి, కాయ కొట్టించుకోవాలి, ఆవపిండి ఆడించుకోవాలి, ఇల్లంతా కదలాలి. ఈ పచ్చడికి మిరపకాయలు, చింతపండు, ఉప్పు, మూడు రోజుల ఓపిక ఉంటే చాలు. ఎండ కూడా అక్కర్లేదు కాబట్టి అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళకు ఇబ్బంది లేదు. నిల్వ పచ్చడి ఎప్పుడూ పెట్టలేదు, దేనితో మొదలుపెట్టను అని ఎవరడిగినా నేను దీన్నే చెబుతాను.

కొందరు దీన్ని కొరివికారం అంటారు, తెలంగాణలో పండుమిర్చి తొక్కు అంటారు. పేరేదైనా ఈ పచ్చడి చెడిందంటే దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే: ఎక్కడో తడి తగిలి ఉంటుంది. అందుకే తడి మాట కింద పదే పదే వస్తుంది, విసుక్కోకండి.

కాయ ఎలా ఉండాలి

పూర్తిగా ఎర్రబడి, తొక్క నిగనిగలాడుతూ, చేత్తో పట్టుకుంటే గట్టిగా ఉండాలి. విరిస్తే టక్కున విరగాలి. వంగి ముడుచుకుపోయిందంటే అది చెట్టు మీదే ఎండడం మొదలైన కాయ, అందులో రసం ఉండదు. ఈ పచ్చడికి ప్రాణం ఆ రసమే. తొడిమలు పచ్చగా ఉన్నాయో లేదో కూడా చూడండి. కొనేముందు రెండు మూడు కాయలు విరిచి లోపలికి చూడండి. పైకి బాగున్నట్టే ఉండి లోపల గింజల దగ్గర నల్లగా బూజు పట్టిన కాయలు వస్తుంటాయి.

కారం ఎంత ఉండాలన్నది మీ ఇష్టం. తేజ రకం చాలా ఘాటు, నాలుక తట్టుకోగలిగితేనే తీసుకోండి. గుంటూరు సన్నం మామూలుగా అందరికీ సరిపోతుంది. పిల్లలు కూడా తినాలంటే వరంగల్ చపాటా కాయ వెతకండి. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన రకం ఇది. పొట్టిగా, లావుగా ఉంటుంది కాబట్టి టమాటా మిర్చి అని కూడా పిలుస్తారు. కారం తక్కువ, రంగు మాత్రం కళ్ళు చెదిరేలా వస్తుంది. నేను సగం సన్నం, సగం చపాటా కలుపుతాను.

కొలతలు

తొడిమలు తీసి తూచిన పండుమిరపకాయలు 1 కిలో
చింతపండు (గింజలు, ఈనెలు తీసింది) 250 గ్రాములు
రాళ్ళ ఉప్పు 250 గ్రాములు
మెంతులు 20 గ్రాములు
పసుపు 1 చెంచా

ఇది దాదాపు కిలోన్నర పచ్చడి అవుతుంది. అంటే అందులో ఆరో వంతు ఉప్పే. బీపీ ఉందనో, మరీ ఎక్కువనిపించిందనో ఉప్పు తగ్గించకండి. పచ్చడిని ఏడాది పాటు కాపాడేది ఆ ఉప్పు, చింతపండు పులుపు కలిసి. ఉప్పు తక్కువ తినాలనుకుంటే అన్నంలో వేసుకునే పచ్చడి తగ్గించండి. గ్లాసులతో, గిన్నెలతో కాకుండా తూకంతో కొలవండి. రాళ్ళ ఉప్పు గ్లాసుడు, మెత్తటి ఉప్పు గ్లాసుడు ఒకే బరువు ఉండవు.

చింతపండు ఆ ఏడాది కొత్తది దొరికితే అదృష్టమే, పచ్చడి ఎర్రగా ఉంటుంది. నల్లబడిన పాత చింతపండు వేస్తే రుచికి లోటు రాదు గానీ రంగు దిగిపోతుంది.

ముందురోజు సాయంత్రం: కడిగి ఆరబెట్టడం

కాయల్ని తొడిమలతోనే కడగాలి. మొదటిసారి పెట్టినప్పుడు నాకీ సంగతి తెలియదు. పని తేలికవుతుందని ముందే తొడిమలన్నీ తీసేసి తర్వాత కడిగాను. తొడిమ ఊడిన చోట చిన్న రంధ్రం పడుతుంది, నీళ్ళు అందులోంచి లోపలికి వెళ్ళిపోతాయి. పైన ఎంత తుడిచినా ఆ నీళ్ళు బయటికి రావు. నెల తిరక్కముందే జాడీలో తెల్లటి బూజు కట్టింది. రెండు కిలోల పచ్చడి పారబోశాను. ఆ రోజు పడిన బాధ నాకింకా గుర్తుంది. మీకా పరిస్థితి రాకూడదు.

కడిగాక ఒక్కొక్క కాయనీ పొడిగుడ్డతో తుడవండి. పాత కాటన్ చీర పరిచి దాని మీద ఒక వరసగా పోసి, రాత్రంతా ఫ్యాను కింద వదిలేయండి. ఎండలో మాత్రం పెట్టవద్దు, కాయ వడిలిపోయి రసం ఇంకిపోతుంది. పొద్దున్నే ఒక కాయ తీసుకుని తొడిమ మొదట్లో వేలు పెట్టి చూడండి. తడి దాక్కునేది అక్కడే. అక్కడ కూడా పొడిగా ఉంటే అప్పుడు తొడిమలు తీయండి. మెత్తబడినవి, మచ్చలున్నవి, కొన నల్లబడినవి పక్కన పడేయండి. ఒక్క కాయే కదా అనుకోవద్దు.

ఈ రోజే జాడీ కూడా కడిగి ఆరబెట్టుకోవాలి. పింగాణీ జాడీ మంచిది, లేదంటే గాజు సీసా. పులుపు, ఉప్పు రెండూ ఉన్నాయి కాబట్టి అల్యూమినియం, రాగి, ఇత్తడి గిన్నెలు పనికిరావు.

మొదటి రోజు: కచ్చాపచ్చాగా దంచడం

పని మొదలుపెట్టే ముందు రెండు చేతులకూ నూనె రాసుకోండి. మిరప కారం నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. చెయ్యి మండాక ఎన్ని నీళ్ళు పోసినా తగ్గకపోవడానికి కారణం అదే. పని అయిపోయాక కూడా ముందు నూనె రుద్దుకుని తర్వాతే సబ్బుతో కడగండి. కిటికీలు తెరిచి ఉంచండి. మిక్సీ మూత తీసేటప్పుడు ముఖం పక్కకి తిప్పుకోండి, ఆ ఘాటు కళ్ళకి కొడుతుంది.

రోలు ఉంటే కాయలు, ఉప్పు, పసుపు వేసి రోకలితో దంచండి. ఆ రుచి వేరు. మిక్సీ అయితే కాయల్ని పొడి కత్తితో ముక్కలు చేసి, కొంచెం కొంచెంగా ఉప్పుతో కలిపి వేసి, ఒక్క క్షణం తిప్పి ఆపుతూ పోవాలి. ఒకేసారి తిప్పేస్తే మిక్సీ గిన్నె వేడెక్కుతుంది. ఈ రోజు మెత్తగా అవ్వక్కర్లేదు, తొక్కలు కనిపిస్తూ బరకగా ఉంటే చాలు. నీళ్ళు ఒక్క చుక్క కూడా వద్దు.

దంచిన దాంట్లో సగం జాడీ అడుగున వేయండి. దాని మీద చింతపండుని చిన్న చిన్న ముద్దలుగా విడదీసి పరవండి. మిగతా సగం పైన వేసి చింతపండు కనిపించకుండా కప్పేయండి. పొడి గరిటెతో అదిమి, అంచులు తుడిచి, మూతికి పల్చటి గుడ్డతో వాసెన కట్టండి. ఇక మూడో రోజు దాకా దాని జోలికి పోవద్దు.

ఈ మూడు రోజులు ఎందుకో తెలిస్తే మధ్యలో తొందరపడరు. ఉప్పు మిరపకాయలోని రసాన్ని బయటికి లాగుతుంది. దాన్నే ఊట అంటాం. చింతపండు ఆ ఊటని పీల్చుకుని నానుతుంది. పులుసుకైతే చింతపండుని నీళ్ళలో నానబెడతాం. ఇక్కడ నీళ్ళు పోస్తే పచ్చడి నిలవదు కాబట్టి మిరపకాయ రసంలోనే నానబెడుతున్నాం. తొందరపడి ఆ రోజే రుబ్బితే చింతపండు పీచుపీచుగా, ఉండలు ఉండలుగా మిగిలిపోతుంది.

మూడో రోజు: రుబ్బడం

వాసెన విప్పగానే వచ్చే వాసనతోనే తెలిసిపోతుంది. మొదటి రోజు ముక్కుని పొడిచిన ఘాటు తగ్గి, పులుపు కలిసిన తియ్యటి మిరప వాసన వస్తుంది. గరిటె గుచ్చితే అంచుల వెంట ఎర్రటి ఊట పైకి తేలుతుంది. మధ్యలోంచి ఒక చింతపండు ముద్ద తీసి వేళ్ళతో నొక్కండి. గుజ్జులా నలిగితే తయారైనట్టు. ఇంకా గట్టిగా ఉంటే ఒకసారి కలిపి మళ్ళీ వాసెన కట్టి మరో రోజు ఆగండి.

మెంతుల్ని నూనె లేకుండా సన్నటి సెగ మీద వేయించండి. ఎర్రబడి కమ్మటి వాసన రాగానే దించేయాలి. నల్లబడితే పచ్చడంతా చేదెక్కుతుంది. పూర్తిగా చల్లారాక పొడి చేసుకోండి.

ఇప్పుడు జాడీలోది అంతా రుబ్బురోల్లోనో, గ్రైండర్లోనో, మిక్సీలోనో వేసి మెత్తగా రుబ్బండి. చివర్లో మెంతిపొడి కలపండి. బాగా గట్టిగా ఉండి తిరగకపోతే నిమ్మరసం పిండుకోవచ్చు, నీళ్ళు మాత్రం వద్దు. ఈ దశలో రుచి చూస్తే ఉప్పు కాస్త ఎక్కువగానే తెలియాలి. పది రోజులు ఊరాక సర్దుకుంటుంది. చప్పగా అనిపిస్తే ఇప్పుడే కొంచెం ఉప్పు వేసి కలిపేయండి.

తిరిగి పొడి జాడీలోకి ఎత్తి గట్టిగా అదిమిపెట్టండి. మధ్యలో గాలి ఖాళీలు ఉండకూడదు.

పోపు ఎప్పటికప్పుడే

జాడీ మొత్తానికి ఒకేసారి పోపు పెట్టకండి. నూనె పాతబడి వాసన వస్తుంది, వెల్లుల్లి, కరివేపాకు కమ్మదనం పోతుంది. వారం పది రోజులకి సరిపడా, ఒక కప్పు తీసుకోండి. నాలుగు చెంచాల నువ్వుల నూనె కాగాక ఆవాలు, మినప్పప్పు, రెండు ఎండుమిరపకాయలు, దంచిన వెల్లుల్లి పది రెబ్బలు, కరివేపాకు, చిటికెడు ఇంగువ వేయండి. కరివేపాకు కడిగితే బాగా ఆరాకే వేయండి. వెల్లుల్లి రంగు మారగానే స్టవ్ ఆపి, చల్లారాక పచ్చడిలో కలపండి. పోపు పెట్టింది ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. ఉప్పు, పులుపు సరిగ్గా పడిన జాడీని బయటే నీడపట్టున ఉంచవచ్చు.

తేడా వస్తే

పైపొర కాస్త నల్లబడితే టెన్షన్ పడకండి. గాలి తగిలి రంగు మారుతుంది అంతే, కలిపేస్తే సరి. బూజు కనిపిస్తే మాత్రం పైది గీకేసి కింది దాన్ని వాడుకుందామనుకోవద్దు. జాడీ మొత్తం పారేయండి.

అమెరికాలో ఉండేవాళ్ళు ఫ్రెస్నో లాంటి ఎర్రకాయలతో పెట్టుకోవచ్చు. వాటికి కండ మందం, నీరు ఎక్కువ. రెండు రాత్రులు ఆరబెట్టండి, ఉప్పు తూకం మాత్రం తగ్గించకండి. ఊట ఎక్కువ దిగుతుంది కాబట్టి పచ్చడి మనదానికంటే జారుగా వస్తుంది. మొదటిసారి అరకిలోతోనే చూసుకుని, ఫ్రిజ్‌లో పెట్టుకోవడం మంచిది.

వేడన్నంలో ముద్దపప్పు, నెయ్యి, పక్కన ఈ పచ్చడి. పెసరట్టు మీదకి రాసుకుంటే అల్లం పచ్చడి గుర్తురాదు. పచ్చడిలో కొంచెం వెన్న కలిపి వేడన్నంలో కలుపుకుని చూడండి, మా ఇంట్లో పిల్లలు కారం తినడం మొదలుపెట్టింది అలాగే. తీసుకునేటప్పుడు పొడి గరిటె వాడి, అంచులు తుడిచి, మళ్ళీ వాసెన కట్టేయండి.