రక్తంతో తడిసిన బట్టల్ని సాక్ష్యంగా ఎలా భద్రపరచాలి?

నైట్ డ్యూటీ దిగి, మొహం కడుక్కుని నేరుగా క్లాసుకొచ్చే సిస్టర్లకు నేను ఫోరెన్సిక్ నర్సింగ్ చెబుతుంటాను. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఈ సబ్జెక్టులో పోస్ట్ బేసిక్ డిప్లొమా కూడా పెట్టింది. సెక్షన్లు అడిగితే టకటకా చెప్పేస్తారు. చేతికి ఓ తడి చొక్కా ఇచ్చి ప్యాక్ చేయమంటే మాత్రం చూపు ముందుగా పాలిథిన్ కవర్ మీదికే పోతుంది. అందుకే నా మొదటి క్లాసు చట్టంతో కాదు, చొక్కాతో మొదలవుతుంది. మిగతావాళ్లు మూడో నెలలో చెప్పే పాఠం ఇది. అప్పటికి చేతులకు పాత అలవాటే ఉండిపోతుంది.

క్యాజువాలిటీలో పనిచేయని వాళ్లు కూడా ఇది చదవండి. దెబ్బలు తగిలినవాడి బట్టలు క్యారీబ్యాగులో ఇంటికి తీసుకెళ్లి ఉతికేసేది చాలాసార్లు అటెండర్లే, అంటే మనలాంటి బంధువులే.

ముందు వైద్యం. పోలీసులు వచ్చేదాకా ఆగక్కర్లేదని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో తేల్చింది. సాక్ష్యం కోసం ఐవీ లైను ఆపకూడదు.

కావలసినవి: గ్లౌజులు, కత్తెర, తెల్ల కాగితాలు, బ్రౌన్ పేపర్ కవర్లు, లక్క, సీలు, బాల్ పెన్ను. స్టాప్లర్ వద్దు, నా క్లాసులో దానికి ప్రవేశం లేదు.

బట్టలు తీసేటప్పుడు రోగి నిలబడగలిగితే నేల మీద రెండు కాగితాలు ఒకదానిమీద ఒకటి పరవండి. కిందిది నేల మురికికి, పైది ఒంటి మీంచి రాలే వెంట్రుకలకు, దుమ్ముకు. పైకాగితాన్ని మడిచి దాచాలి, కిందిది పారేయొచ్చు. కత్తిరించక తప్పకపోతే కుట్టు వెంట కత్తిరించండి. చేతికి అందింది కదా అని కత్తిపోటు చిరుగులో కత్తెర దూర్చేవాళ్లను చూశాను. ఆ చిరుగు ఒంటి మీది గాయంతో సరిపోవాలి. తూటా రంధ్రమైతే దాని చుట్టూ అంటుకున్న మసిని బట్టి ఎంత దూరం నుంచి కాల్చారో అంచనా వేస్తారు. బట్టను దులపకండి.

ఇప్పుడు అసలు పని. ఆరబెట్టడం.

రక్తంలో డీఎన్ఏ ఉండేది తెల్లకణాల్లో. ఎర్రకణాలకు కేంద్రకమే ఉండదు. అంటే అంత మరకలోనూ పనికొచ్చే సరుకు కొంచెమే. తడి బట్టను ప్లాస్టిక్‌లో మూటకట్టారంటే లోపల చెమ్మకు బూజు, బ్యాక్టీరియా చేరి ఆ కొంచెం కూడా తినేస్తాయి. ఒకసారి ఒక ఆస్పత్రిలో నాలుగు రోజుల తర్వాత అలాంటి మూట విప్పాను. ముందు వాసన, తర్వాత నల్లటి బూజు. జేబు ఎక్కడుందో కూడా తెలియలేదు. ప్యాక్ చేసినవాళ్లు పద్ధతిగానే చేశామనుకున్నారు పాపం, మూడు ముళ్లు వేశారు.

ఆరబెట్టమన్నానని డాబా మీద ఎండలో వేయకండి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు డీఎన్ఏను చెడగొడతాయి. హెయిర్ డ్రయర్ వద్దు. ఫ్యాన్ కింద అసలే వద్దు. అంటుకున్న వెంట్రుక, నూలుపోగు ఎగిరిపోతాయి, గదిలోవి వచ్చి అంటుకుంటాయి. తాళం వేసే గదిలో, నీడలో, శుభ్రమైన కాగితం మీద పరిచి వదిలేయండి. తీగ మీద వేలాడదీయొచ్చంటారు కొందరు. నేను ఒప్పుకోను, తడి మరక కిందికి జారి ఆకారం మారుతుంది. కింద పరిచిన కాగితం కూడా సాక్ష్యమే, దాన్నీ కవర్లో పెట్టండి.

ఇంకో మాట, ఇక్కడే కేసులు పోతాయి. బాధితుడి బట్టలు, నిందితుడి బట్టలు ఒకే గదిలో ఆరబెట్టకూడదు. పక్క టేబుల్ మీదైనా సరే కూడదు. ‘ఆ రక్తం ఆస్పత్రిలోనే అంటుకుంది’ అని డిఫెన్స్ లాయర్ ఒక్క ప్రశ్న వేస్తే మీ దగ్గర జవాబుండదు. గ్లౌజులు కూడా మార్చుకోండి.

“మేడమ్, మా దగ్గర ఆరబెట్టే చోటెక్కడిది?” అని ప్రతి బ్యాచ్‌లోనూ అడుగుతారు. నిజమే. అలాంటప్పుడు కాగితంలో చుట్టి, కవర్ మీద ‘తడిగా ఉంది, వెంటనే ఆరబెట్టాలి’ అని రాసి, తీసుకెళ్లే పోలీసుకు నోటితో కూడా చెప్పండి.

ఆరాక మడతకూ మడతకూ మధ్య కాగితం పెట్టాలి, లేకపోతే మరక అవతలి వైపుకు దిగుతుంది. ఒక్కో బట్టకు ఒక్కో కవర్. లేబుల్ ముందే రాయండి. బట్ట పెట్టాక రాస్తే పెన్ను ఒత్తిడి దానిమీద పడుతుంది. ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసు కేసయ్యే రోగి) నంబరు, పేరు, ఏ వస్తువు, తేదీ, టైము, మీ సంతకం ఉండాలి. తర్వాత లక్క సీలు. సీలు ముద్ర నమూనా విడిగా పంపాలి. ల్యాబ్‌లో ముందు రెండు ముద్రలూ పోల్చి చూస్తారు.

2024 జూలై 1న పాత సీఆర్‌పీసీ (నేర విచారణ పద్ధతి చట్టం) స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. ఏడేళ్లు, ఆ పైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వెళ్లాలని అందులో ఉంది. మంచిదే. కానీ వాళ్లు అక్కడికి చేరేలోపే నేరస్థలంలో సగం బాధితుడి ఒంటి మీద మన స్ట్రెచర్ దాకా వచ్చేస్తుంది. దాన్ని చూసుకోవాల్సింది మీరే.

అప్పగింత రిజిస్టరులో కానిస్టేబుల్ పేరు, నంబరు, స్టేషను, టైము రాయించుకోండి. తెల్లవారుజామున నాలుగింటికి వచ్చినాయన సంతకం గీకేసి టైము వేయకుండా బండి ఎక్కేస్తాడు. గేటు దాకా వెళ్లి వెనక్కి పిలిచైనా రాయించండి.