బెంగళూరులో లైంగిక సమస్యలకు అర్హత ఉన్న వైద్యుణ్ణి ఎలా ఎంచుకోవాలి?

లైంగిక సమస్య వస్తే మనవాళ్లు ముందు చూసుకునేది గుట్టు. వైద్యుడి చదువు సంగతి ఆ తర్వాతే గుర్తొస్తుంది. మారతహళ్లి పీజీ హాస్టళ్లలో ఉండే కుర్రాళ్లయినా, వైట్‌ఫీల్డ్‌లో కాపురాలు పెట్టుకున్న దంపతులైనా ఇదే వరస. గోడల మీద ‘గ్యారంటీ చికిత్స’ పోస్టర్లు అంటించేవాళ్లు బతుకుతున్నది ఈ సిగ్గు మీదే. డబ్బుతో పాటు ఆరోగ్యమూ పోగొట్టుకోకుండా ఉండాలంటే ఇలా చేయండి.

1. డిగ్రీ చూడండి

జాతీయ వైద్య కమిషన్ గుర్తించిన పీజీ కోర్సుల్లో సెక్సాలజీ ఎండీ లేదు. కాబట్టి బోర్డు మీద ‘సెక్సాలజిస్ట్’ అని ఉన్నంత మాత్రాన సరిపోదు. ఎంబీబీఎస్, ఆపైన సైకియాట్రీ, యూరాలజీ, చర్మ-సుఖవ్యాధులు, గైనకాలజీ వంటి విభాగంలో పీజీ ఉందో లేదో చూడండి. లైంగిక సామర్థ్యానికి సంబంధించిన వాజీకరణం ఆయుర్వేదంలోని ఎనిమిది అంగాల్లో ఒకటే గానీ, ఆయుర్వేద వైద్యుడికీ బీఏఎంఎస్ డిగ్రీ, రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. క్లినికల్ సైకాలజిస్టు అయితే భారత పునరావాస మండలిలో నమోదై ఉండాలి.

2. రిజిస్ట్రేషన్ నంబరు సరిచూడండి

జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లోని వైద్యుల రిజిస్టర్‌లో పేరుతోనో నంబరుతోనో వెతకవచ్చు. కర్ణాటక కింద దొరకకపోతే ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడు కింద కూడా చూడండి. మరో రాష్ట్రంలో నమోదైన డాక్టర్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. 2002 నాటి వైద్య నీతి నియమావళి ప్రకారం మందుల చీటీ మీద, రసీదు మీద ఆ నంబరు ఉండాలి. నంబరు అడిగితే చిరాకుపడే చోట కూర్చోకండి, లేచి వచ్చేయండి.

3. ప్రకటనను నమ్మకండి

లైంగిక సామర్థ్యం పెంచుతామంటూ మందుకు ప్రకటన ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అంటే ఆ పోస్టరు వేసినవాడు మొదటి అడుగులోనే చట్టం దాటాడన్నమాట.

4. ఏం అడుగుతున్నారో గమనించండి

అంగస్తంభన సమస్య అని చెప్పగానే మంచి డాక్టరు షుగర్, బీపీ, గుండె, సిగరెట్లు, నిద్ర, వాడుతున్న మందుల గురించి అడుగుతారు. మధుమేహానికీ గుండె జబ్బుకూ అది తొలి సూచన కావచ్చు. ఇవేమీ అడగకుండా పేరులేని పొడి పొట్లం చేతిలో పెడితే తీసుకోవద్దు. ‘మూలిక’ పేరుతో అమ్మే పొడుల్లో సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) కలిపిన సంఘటనలు ఎన్నో బయటపడ్డాయి. గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లకు అది కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

5. హద్దులు తెలుసుకోండి

ఇది అన్నిటికన్నా ముఖ్యం. పరీక్ష ఎందుకో చెప్పి, మీ అనుమతి తీసుకున్నాకే ముట్టుకోవాలి. మగ డాక్టరు స్త్రీని పరీక్షించేటప్పుడు మరో స్త్రీ పక్కన ఉండాలని కోరే హక్కు రోగికి ఉంది. చికిత్స పేరుతో రోగితో శారీరక సంబంధం పెట్టుకోవడాన్ని ఏ వైద్య నీతీ ఒప్పుకోదు. రోగి సరే అన్నా అది తప్పే. కౌన్సెలింగులో బట్టలు విప్పాల్సిన పని ఉండదు.

మీరు చెప్పింది మీ భార్యకో, భర్తకో, అమ్మానాన్నలకో మీ అనుమతి లేకుండా చేరకూడదు. కన్నడం రాదని రూమ్మేటును దుబాసీగా తీసుకెళ్లకండి, అతని ముందు మీరు సగమే చెప్తారు. ఈ ఊళ్లో తెలుగు వచ్చిన డాక్టర్లకు కొదవ లేదు, అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే అడగండి.

స్వలింగ ఆకర్షణను ‘నయం చేస్తాం’ అనేవాళ్ల దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లకండి. అది జబ్బు కాదు. మద్రాసు హైకోర్టు 2021లో అలాంటి చికిత్సలను నిషేధించింది, 2022లో జాతీయ వైద్య కమిషన్ దాన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది.

6. తప్పు జరిగితే

చీటీలు, రసీదులు, మెసేజీలు పారేయకండి. మీ వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. నమోదైన డాక్టరు మీద ఫిర్యాదు కర్ణాటక మెడికల్ కౌన్సిల్‌కు రాతపూర్వకంగా పంపండి. లైంగిక వేధింపు జరిగితే కౌన్సిల్ కోసం ఆగకుండా నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్లండి. అసలు రిజిస్ట్రేషనే లేనివాడైతే కౌన్సిల్ పరిధిలోకి రాడు. అతని మీద పోలీసులకు, జిల్లా ఆరోగ్య శాఖకు ఫిర్యాదు చేయాలి.