రిపోర్ట్ పంపినా డిజైన్ మారడం లేదా? సమస్య - పరిష్కారం

సమస్య: యాప్ వాడేవాళ్లని కలిసి, వాళ్లు ఎలా వాడుతున్నారో చూసి రాసిన యూజర్ రీసెర్చ్ రిపోర్ట్‌కి టీమ్‌లో అందరూ "సూపర్" అన్నారు. రెండు వారాల తర్వాత చూస్తే స్క్రీన్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

కారణం: చాలాసార్లు ఆలస్యమే. స్ప్రింట్ ప్లానింగ్ (వచ్చే కొన్ని వారాల్లో ఏం చేయాలో టీమ్ తేల్చుకునే మీటింగ్) అయ్యాక వెళ్లిన పీడీఎఫ్, పెళ్లయ్యాక అందిన శుభలేఖ లాంటిది.

పరిష్కారం: ప్లానింగ్ ఏ రోజో ముందే అడగండి. రెండు రోజుల ముందు ఒక్క పేజీ పంపండి. మిగతాది తర్వాత ఇచ్చినా కొంప మునగదు.

సమస్య: మీరు చెప్పింది ఒకటి, డిజైనర్ మార్చింది ఇంకొకటి.

కారణం: చూసింది వదిలేసి, మనకు తోచిన తీర్పు రాస్తాం. ఈ తప్పు నేనూ చేశాను. విశాఖ ఋషికొండలో కిరాణా అప్పుల లెక్కల యాప్ మీద పనిచేసేటప్పుడు "ఎంట్రీ స్క్రీన్ కష్టంగా ఉంది" అని రాశాను. డిజైనర్ పాపం బటన్ పెద్దది చేశాడు.

నేను చూసింది వేరు. పూర్ణా మార్కెట్ దగ్గర కొట్లో ఓనర్ చేతినిండా పసుపు. చిటికెన వేలి కణుపుతో ఫోన్‌ని రెండుసార్లు తట్టాడు, తెరుచుకోలేదు. అట్టముక్క చింపి "మేడ మీదావిడ - 140" అని రాసుకుని, "రాత్రికి మా అబ్బాయి ఎక్కిస్తాడు బాబూ" అన్నాడు. యాప్ మాత్రం ఎక్కించిన టైమే వేస్తుంది. పొద్దున్న పట్టుకెళ్లిన కందిపప్పు రాత్రి 9:40 కింద పడుతుంది. "ఆ టైమ్‌లో నేను రానే లేదు" అని ఆవిడ గొడవ. ఇందులో బటన్ తప్పేముంది?

పరిష్కారం: ఏం చూశాం, ఎందుకలా జరిగింది, ఏ స్క్రీన్ మీద నిర్ణయం మారాలి: ఈ మూడూ రాయండి. బటన్ ఎక్కడ పెట్టాలో మాత్రం రాయకండి. డిజైనర్‌కి ఒళ్లు మండుతుంది, మండాలి కూడా.

సమస్య: "ఆరుగురితోనే మాట్లాడారా?" అని టీమ్ తీసిపారేస్తుంది.

కారణం: ఆరుగురిలో నలుగురిని మనం "67 శాతం" అని రాయడం. ఐదుగురితో పరీక్షిస్తే దాదాపు 85 శాతం ఇబ్బందులు బయటపడతాయని యూజబిలిటీ (వాడటం ఎంత తేలిక అన్నది) నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లో రాసిన మాట చాలామంది ఇక్కడ అడ్డం పెట్టుకుంటారు. ఒక్కో మనిషి దగ్గర సగటున 31 శాతం ఇబ్బందులు కనిపిస్తాయన్న లెక్క మీద వచ్చిన అంకె అది. ఇబ్బంది ఉందో లేదో పట్టుకోవడానికి పనికొస్తుంది, ఎంతమందికి ఉందో చెప్పదు.

పరిష్కారం: "ఆరుగురిలో నలుగురు" అనే రాయండి. ఎంతమందికని అడిగితే యాప్ లాగ్స్ (ఏ పని ఎప్పుడు జరిగిందో యాప్ తనే రాసుకునే రికార్డు) చూపించండి. మా విషయంలో రాత్రి తొమ్మిది దాటాక పడిన ఎంట్రీలు తీస్తే సరిపోయింది.

సమస్య: ఇన్ని చేసినా నమ్మడం లేదు.

పరిష్కారం: డిజైనర్‌ని వెంట తీసుకెళ్లండి, అదీ బేరాలు జోరుగా ఉండే వేళకే. ఖాళీగా ఉన్నప్పుడు వెళితే ఓనర్ చేతికి పసుపు ఉండదు, యాప్ బ్రహ్మాండంగా నడుస్తుంది. ఒక్కరినే తీసుకెళ్లండి. నలుగురు ట్యాగులు వేసుకుని కౌంటర్ ముందు నిలబడితే, పాపం ఆయన ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లనుకుని బిల్లు పుస్తకం తీస్తాడు.