మాత్రల త్రీడీ ప్రింటింగ్, 4వ పాఠం: స్కేల్ 50 కొట్టకండి బాబూ

ఇవాళ నాజిల్ వేడి గురించి చెప్దామనుకున్నా, కానీ పోయినసారి లెక్కకి మీరు పంపిన జవాబులు చూశాక అది పక్కన పెట్టేశా. డోసు సగం చేయమంటే చాలామంది స్లైసర్‌లో (బొమ్మని ప్రింటర్ కోసం పొరలుగా కోసే సాఫ్ట్‌వేర్) స్కేల్ 50 శాతం అని కొట్టేశారు. అది సగం కాదండీ, ఎనిమిదో వంతు!

మన మాత్ర 10 మి.మీ. వెడల్పు, 4 మి.మీ. ఎత్తు, అంటే 314 ఘనపు మి.మీ., ఒక్కో ఘనపు మి.మీ.లో మందు 0.12 మి.గ్రా., మొత్తం 37.7. స్కేల్ 50 అంటే వెడల్పుతో పాటు ఎత్తు కూడా సగమైపోతుంది, చేతికొచ్చేది 5 మి.మీ. వెడల్పు 2 మి.మీ. ఎత్తున్న బుల్లి బిళ్ల, అందులో మందు 4.7. కావాల్సిందేమో 18.85! ఫిట్స్ మందులో ఇలా చేస్తే పేషెంట్ గతేంటి?

కావాల్సిన స్కేల్ 79.4, అంటే సగానికి ఘనమూలం.

కొందరు తెలివిగా ఇన్‌ఫిల్ (లోపల ఎంత శాతం నింపాలన్న సెట్టింగ్) 100 నుంచి 50కి దించారు. గోడలు, అడుగు, పైపొర గట్టిగానే ఉంటాయిగా, కాబట్టి డోసు సగానికంటే ఎక్కువే పడుతుంది.

సరే 79.4 పెట్టాం, డోసు కుదిరింది, ఇంకో తిరకాసుంది. మాత్ర చిన్నదయ్యేకొద్దీ వాల్యూమ్‌తో పోలిస్తే ఉపరితలం పెరుగుతుంది, ఆ నిష్పత్తి ఇక్కడ 0.9 నుంచి 1.13కి పోయింది, మందు ఇంకా తొందరగా కరుగుతుంది. ఎత్తు ఒక్కటే సగం చేస్తే మరీ ఘోరం, 1.4. ఉపరితలం ఎంత పని చేస్తుందో స్ప్రిటామ్ చూస్తే తెలుస్తుంది, 2015లో అమెరికా ఎఫ్‌డీఏ ఓకే చేసిన మొదటి త్రీడీ ప్రింటెడ్ మందు అదే, మనలా ఫిలమెంట్ (కరిగించి పొరలుగా పేర్చే ప్లాస్టిక్ తీగ) కాదు, పొడి పొరల మీద ద్రవం చల్లి అంటిస్తారు, లోపలంతా సందులే కాబట్టి 1000 మి.గ్రా. బిళ్ల కూడా గుక్కెడు నీళ్లకే నోట్లో విచ్చుకుంటుంది.

నేనైతే సైజు జోలికే పోను, మందు సగమే కలిపిన ఇంకో ఫిలమెంట్ చుట్ట పెట్టుకుంటా. బద్ధకం అనుకోండి.

అభ్యాసం: ఇదే ఫిలమెంట్‌తో 28 మి.గ్రా. మాత్ర, గుండ్రటి స్తంభం ఆకారమే, నిష్పత్తి 0.9 దాటకూడదు. కొలతలు దాదాపు ఒక్కటే జత కుదురుతుంది, పట్టుకోండి. ప్రింట్ మాత్రం మందు లేని ఫిలమెంట్‌తోనే, పాత మాత్రా కొత్తదీ తూకం వేసి రెండు బరువులూ పంపండి, ఫొటోలొద్దు.